అరుదుగా వచ్చే రైలు, తరచూ తప్పే లెక్క

కొంతకాలం క్రితం ఒక రాజకీయ సభకు వెళ్ళి తిరిగివస్తూ అడ్డదారిన పడి, ఒక సిమెంటు కర్మాగారానికి మాత్రమే వెళ్ళే గూడ్సు లైను దగ్గర ఆగవలసి వచ్చింది. గేటు సగం వరకు దిగి అక్కడే నిలిచిపోయింది. గేట్‌మన్ ఎంత బలంగా చక్రం తిప్పినా తీగ బిగుసుకుపోయి కదలడం లేదు. చివరికి ఆయన తన గదిలోంచి ఇనుప గొలుసు తెచ్చి రోడ్డుకు అడ్డంగా కట్టి, ఎర్ర జెండా పట్టుకొని నిలబడ్డాడు. రెండు మోటారు సైకిళ్ళు గొలుసు పక్కనున్న గడ్డిలోంచి దాటిపోయాయి. "బండి వచ్చే టైమయింది, ఆగండయ్యా" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. "ఈ లైన్లో బండెక్కడిదిలే" అంటూ ఒకతను నవ్వుకుంటూ వెళ్ళాడు. పది నిమిషాల తరువాత ఖాళీ వ్యాగన్లతో గూడ్సు బండి కూతపెట్టుకుంటూ వచ్చి, గేటుకు ముందే ఆగి, జెండా సైగ చూసుకొని మెల్లగా రోడ్డు దాటింది.

ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. గేటు చెడిపోయి ఎన్నాళ్ళయిందని గేట్‌మన్‌ను అడిగాను. "చెప్పి చాలా రోజులైంది సార్. రోజుకు ఒక్క బండి కూడా రాని లైను. మెయిన్ లైన్లో అయితే ఆ గంటకే వచ్చి బాగుచేసేవాళ్ళు" అన్నాడు.

ఇది ఒక చిరుద్యోగి విసుగు మాత్రమే కాదు. రైళ్ళు తక్కువగా తిరిగే చోట ప్రమాదమూ తక్కువేనన్న నమ్మకం మన రైల్వే విధానంలో నూట ముప్పై ఏళ్ళకు పైగా పాతుకుపోయి ఉంది. ఆ నమ్మకమే చట్టంగా, లెక్కగా, పనిగంటల పట్టికగా మారింది. దాని చరిత్ర తెలుసుకోకుండా లెవెల్ క్రాసింగ్ మరణాలను డ్రైవరు నిర్లక్ష్యమనో, గేట్‌మన్ నిద్ర అనో తేల్చేస్తే సగం సత్యమే చెప్పినట్లవుతుంది.

1853లో బొంబాయి–ఠాణే మధ్య తొలి ప్రయాణికుల రైలు నడిచిన తరువాత, మన దేశంలో శాఖా లైన్లు పుట్టింది ఎక్కువగా సరుకుల కోసమే. పత్తి, బొగ్గు, ఖనిజం, ఓడరేవు, ఇటీవలి కాలంలో సిమెంటు, విద్యుత్ కేంద్రాలు. నిజాం రాజ్యంలో డోర్నకల్ నుంచి ఇల్లందు వైపు 1880ల చివరలో లైను వెళ్ళింది సింగరేణి బొగ్గు కోసం. ఇటువంటి లైన్లు పొలాలను, బండ్ల బాటలను కోసుకుంటూ పోయాయి. కోతకు గురైన బాటను తిరిగి కలపవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

1890 నాటి భారత రైల్వేల చట్టం దానికి ఒక జవాబు ఇచ్చింది. లైను వేసినప్పుడు దాని ఇరువైపులా ఉన్న భూముల వారికి కావలసిన దారులు, వంతెనలు, గేట్లు రైల్వేయే కట్టాలి. కాని లైను ప్రారంభమైన పదేళ్ళ తరువాత కొత్తగా అడిగే సౌకర్యాల ఖర్చు రైల్వేది కాదు; అడిగినవారిదే. 1989 నాటి ప్రస్తుత చట్టం కూడా ఈ పదేళ్ళ గడువును అలాగే నిలబెట్టింది. లైను వేసిన నాడు అక్కడ ఉన్నది ఎడ్లబండ్ల బాట. ఊరు పెరిగింది, బాట రోడ్డయింది, 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన దానిని తారు రోడ్డు చేసింది, బడి బస్సు వచ్చింది. ఇదంతా జరిగింది ఆ పదేళ్ళ తరువాతే. కనుక గేటు అడిగితే రైల్వే రాష్ట్రాన్ని చూపుతుంది, రాష్ట్రం పంచాయతీని చూపుతుంది, పంచాయతీ ఖాళీ ఖజానాను చూపుతుంది.

ఇక లెక్క విషయం. ఏ క్రాసింగ్ దగ్గర మనిషిని పెట్టాలో నిర్ణయించడానికి రైల్వే వాడే కొలమానం పేరు ట్రైన్ వెహికిల్ యూనిట్. రోజుకు ఎన్ని రైళ్ళు వెళ్తాయి, ఎన్ని వాహనాలు దాటుతాయి అని లెక్కించి, ఆ రెండు అంకెలను గుణిస్తారు. మోటారు వాహనం ఒక యూనిట్, ఎడ్లబండి ఒక యూనిట్, ఆటో అర యూనిట్, మోటారు సైకిల్ పావు యూనిట్. నడిచి దాటే మనిషికి ఈ లెక్కలో విలువ లేదు. బడికి నడిచి వెళ్ళే పిల్ల, మేకలు తోలుకుపోయే ముసలామె ఇందులోకి రారు. చాలాకాలం పాటు ఈ గుణకారం 6,000 దాటితేనే, చూపు సరిగా ఆనని చోట 3,000 దాటితేనే, కాపలా మనిషి అవసరమని పరిగణించారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మెయిన్ లైను మీద రోజుకు అరవై రైళ్ళు, నూట యాభై వాహనాలు అనుకుంటే ఫలితం 9,000. గూడ్సు శాఖా లైను మీద రోజుకు రెండు బండ్లు, నాలుగు వందల వాహనాలు అనుకుంటే ఫలితం 800. రెండో చోట దాటే వాహనాలు రెండున్నర రెట్లు ఎక్కువ. అయినా అక్కడ హద్దు చేరాలంటే రోజుకు మూడు వేల వాహనాలు కావాలి. అంటే శాఖా లైను పక్కన పుట్టిన ఊరు ఎంత పెరిగినా ఈ పరీక్షలో ఉత్తీర్ణం కావడం దుర్లభం.

ఈ గుణకారం పూర్తిగా తప్పని అనలేను. డబ్బు పరిమితమైనప్పుడు ఎక్కువ తాకిడి ఉన్న చోటు ముందు చూసుకోవడం న్యాయమే. కాని ఇది ఎదురుపడే అవకాశాలను మాత్రమే కొలుస్తుంది. ప్రతి ఎదురుపాటులోని ప్రమాద తీవ్రతను కొలవదు. అరుదుగా తిరిగే లైను మీద ఆ తీవ్రత తగ్గదు, పెరుగుతుంది. అందుకు మొదటి కారణం అలవాటు. గంటకు నాలుగు రైళ్ళు వెళ్ళే చోట మనిషి అటూ ఇటూ చూస్తాడు. వారానికి మూడు బండ్లు వచ్చే చోట "బండెక్కడిదిలే" అంటాడు. రెండో కారణం నిర్వహణ. పట్టాల పక్కన తుమ్మ చెట్లు పెరుగుతాయి, మలుపు కనబడదు, గేటు తీగ తుప్పు పడుతుంది, టెలిఫోన్ మూగబోతుంది. మూడో కారణం సాంకేతికం. రైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి చాలా చోట్ల పట్టాల గుండా సన్నని విద్యుత్తు ప్రసరింపజేస్తారు. రైలు చక్రాలు రెండు పట్టాలనూ కలిపినప్పుడు ఆ ప్రవాహం పక్కకు మళ్ళి, రైలు వచ్చిందని పరికరానికి తెలుస్తుంది. చక్రాలు తరచూ రాచుకుంటేనే పట్టా మీద మెరుపు నిలుస్తుంది. రోజుల తరబడి బండి రాకపోతే పైన తుప్పు పొర కడుతుంది, దుమ్ము పేరుకుంటుంది, చక్రానికీ పట్టాకూ మధ్య విద్యుత్ సంబంధం సరిగా కుదరదు. బండి కళ్ళ ముందే ఉన్నా పరికరానికి కనబడకపోవచ్చు. ఇరుసులను లెక్కించే యంత్రాలు ఈ లోపానికి విరుగుడే. కాని వాటికయ్యే ఖర్చు ముందు ఏ లైనుకు దక్కుతుందో నిర్ణయించేదీ రద్దీయే.

చట్టం ఈ బరువునంతా ఎవరి మీద పెట్టిందో చూడండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 131వ సెక్షను ప్రకారం, కాపలా లేని క్రాసింగ్ దగ్గర డ్రైవరు బండి ఆపాలి. కండక్టరో క్లీనరో దిగి పట్టాల దాకా నడిచి, రైలు రావడం లేదని చూసుకొని, బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. 1989 రైల్వేల చట్టం 161వ సెక్షను ప్రకారం అక్కడ నిర్లక్ష్యంగా దాటితే ఏడాది వరకు జైలు. ఈ జాగ్రత్త అవసరమే. కాని పట్టాల మీద వెళ్ళేవాడు ఏం చేయాలన్న ప్రశ్నను ఈ సెక్షన్లు అడగవు.

2014 జులై 24న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడి రెండు నెలలైనా కాకముందే, అప్పటి మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని క్రాసింగ్ మీద బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొన్నది. పదిహేను మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు చిన్నపిల్లలు. అక్కడ గేటు పెట్టమని అంతకుముందే అడిగామని గ్రామస్తులు చెప్పారు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో ప్యాసింజర్ రైలు ఢీకొని బడి వ్యానులోని 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవిలో ఇయర్‌ఫోన్లు ఉన్నాయన్నది వెంటనే వినవచ్చిన వివరణ. రెండు చోట్లా డ్రైవరు తప్పు ఉండి ఉండవచ్చు. కాని ఒక మనిషి తప్పు చేస్తే డజను మంది పిల్లలు చనిపోయేలా ఆ కూడలిని వదిలేసినవారి తప్పు ఏ ఎఫ్ఐఆర్‌లోనూ కనబడదు.

ఈ విషయంలో న్యాయస్థానం పాలకుల కంటే ముందే మాట్లాడింది. 1979 మేలో కేరళలో కాపలా లేని క్రాసింగ్ దగ్గర ప్రయాణికులతో నిండిన వాహనాన్ని రైలు ఢీకొని 40 మంది ప్రయాణికులు, డ్రైవరు మరణించిన కేసు 1997లో సుప్రీంకోర్టులో తేలింది. తీర్పు రాసినది మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. రోడ్డు మీద వెళ్ళేవారి పట్ల జాగ్రత్త వహించవలసిన బాధ్యత రైల్వేకు సాధారణ న్యాయసూత్రాల ప్రకారమే ఉందనీ, గేటు పెట్టమని, మనిషిని నియమించమని ఆదేశించే అధికారం 1890 చట్టం 13వ సెక్షను కింద ఉండి కూడా వాడకపోవడం అహేతుకమనీ ఆ తీర్పు సారాంశం. బాధితులు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లోనే రైల్వేను నిలదీయవచ్చని కూడా తేల్చింది. అధికారం ఉండి ఊరుకోవడం కూడా తప్పేనన్న ఈ సూత్రానికి మన రాజకీయ చర్చల్లో రావలసినంత ప్రచారం రాలేదు.

2012 ఫిబ్రవరిలో అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి భద్రతా సమీక్ష కమిటీ నివేదిక ఇచ్చింది. అప్పటికి దేశంలో సుమారు 32 వేల లెవెల్ క్రాసింగులు ఉండగా వాటిలో దాదాపు 15 వేలకు కాపలా లేదు. కాపలా ఉన్నవీ లేనివీ అన్నింటినీ అయిదేళ్ళలో తొలగించాలనీ, అందుకు రూ.50 వేల కోట్లు కావాలనీ, నిర్వహణ ఖర్చు తగ్గడం వల్ల ఏడెనిమిదేళ్ళలో ఆ సొమ్ము తిరిగివస్తుందనీ కమిటీ చెప్పింది. అయిదేళ్ళు గడిచాయి. కుశీనగర్ ఘటన తరువాతే పని వేగం పుంజుకుంది. 2018–19 ఒక్క సంవత్సరంలోనే 3,479 కాపలా లేని క్రాసింగులను తీసేశారు. 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజ్ మీద అవి లేకుండా పోయాయి. ఇది నిజమైన విజయం. ఏ పార్టీ ప్రభుత్వం చేసినా మెచ్చుకోవలసినదే. అంత పని ఒక్క ఏడాదిలో సాధ్యమైతే అంతకుముందు దశాబ్దాల్లో ఎందుకు కాలేదన్న ప్రశ్న మాత్రం ఆ విజయం పక్కనే నిలబడి ఉంటుంది.

తొలగించడమంటే ఏమిటో కూడా చూడాలి. కొన్నింటిని మూసేసి పక్క గేటుకు కలిపారు. కొన్నిచోట్ల తక్కువ ఎత్తు అండర్‌పాస్‌లు తవ్వారు. కొన్నిచోట్ల మనిషిని పెట్టారు. అండర్‌పాస్ వానాకాలంలో చెరువవుతుందని తెలుగు పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. 2022 జులైలో మహబూబ్‌నగర్ సమీపంలో రైల్వే వంతెన కింద నిలిచిన నీళ్ళలో బడి బస్సు చిక్కుకుపోతే స్థానికులు పిల్లలను బయటకు తీశారు. రైలు ప్రమాదాల జాబితాలో అటువంటివి చేరవు కనుక గణాంకం మెరుగ్గానే ఉంటుంది.

మనిషిని పెట్టిన చోట కూడా సమస్య ముగియలేదు. దేశంలో ఇప్పుడు సుమారు 17 వేల కాపలా గేట్లు ఉన్నాయి. వాటిలో ఎక్కువ గేట్లకు సిగ్నల్‌తో ఇంటర్‌లాకింగ్ ఉంది. అంటే గేటు పూర్తిగా దిగి తాళం పడితే తప్ప రైలుకు పచ్చ సిగ్నల్ రాదు. గేటు చెడితే సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. డ్రైవరు ఆగి, పగలయితే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు చూసి, గేటు దాకా మెల్లగా వచ్చి, గేట్‌మన్ సైగ మీద దాటాలి. యంత్రం చెడినా అది భద్రత వైపే మొగ్గుతుంది. మిగిలిన వేల గేట్లకు ఈ లంకె లేదు. అక్కడ భద్రతంతా ఒక టెలిఫోన్ సంభాషణ. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తాడు, గేటు వేశానని గేట్‌మన్ చెబుతాడు, రుజువుగా ప్రైవేటు నంబరు ఇచ్చిపుచ్చుకుంటారు. నంబరు అందితే సిగ్నల్ పడుతుంది. గేటు నిజంగా పడిందా అన్నది సిగ్నల్‌కు తెలియదు.

2025 జులై 8న తమిళనాడులోని కడలూరు సమీపాన సెమ్మంకుప్పంలో జరిగింది ఇటువంటి గేటు దగ్గరే. కాపలా మనిషి ఉన్న, ఇంటర్‌లాకింగ్ లేని ఆ క్రాసింగ్ మీద విళుప్పురం–మయిలాడుదురై ప్యాసింజర్ బడి వ్యానును ఢీకొని ముగ్గురు విద్యార్థులు మరణించారు. గేట్‌మన్‌ను సస్పెండ్ చేశారు, అరెస్టు చేశారు. అక్కడ అండర్‌పాస్ కట్టడానికి జిల్లా యంత్రాంగం ఏడాదిగా అనుమతి ఇవ్వలేదని రైల్వే ప్రకటించింది. ఆ తరువాత గేట్ల దగ్గర సీసీ కెమెరాలు పెడతామనీ, ఇంటర్‌లాకింగ్‌కు కావలసిన యూనిట్ల హద్దును తగ్గిస్తామనీ రైల్వే మంత్రి చెప్పారు. హద్దు తగ్గడం మంచిదే. కాని కొలిచే కర్ర అదే గుణకారం. వారానికి మూడు బండ్లు తిరిగే లైను ఆ వరుసలో చివరనే ఉంటుంది.

ఆ చివరి గేటులో కూర్చున్న మనిషి సంగతి చట్టంలోనే రాసి ఉంది. రైల్వే ఉద్యోగాలను పని ఒత్తిడిని బట్టి వర్గాలుగా విభజించారు. తీవ్రమైన పని అయితే వారానికి 45 గంటలు, నిరంతర పని అయితే 54 గంటలు. పనివేళలో సగమో అంతకు మించో ఖాళీగా గడిచేదయితే దానిని ఉండి ఉండి సాగే పనిగా లెక్కగట్టి వారానికి 75 గంటల వరకు చేయించవచ్చు. రైళ్ళు తక్కువ కనుక పని తక్కువ, పని తక్కువ కనుక గంటలు ఎక్కువ. పట్టాల మీద ఏదైనా చిక్కుకుంటే ఆ ఒక్క మనిషే 600 మీటర్ల దూరంలో ఒక పటాసు, 1200 మీటర్ల దూరంలో మూడు పటాసులు పట్టాల మీద పెట్టి రైలును ఆపాలి. ఒంటరి లైను అయితే రైలు ఏ వైపు నుంచైనా రావచ్చు. పన్నెండు గంటలు ఒంటరిగా కూర్చున్న వ్యక్తి పన్నెండో గంటలో ఒక్క నిమిషం ఏమరితే అది నేరం. ఆయన్ను అక్కడ అలా కూర్చోబెట్టిన పట్టిక మాత్రం పరిపాలన.

ఈ వారసత్వం మన ఒక్కరిదే కాదు. 1890 చట్టం ఇప్పటికీ పాకిస్తాన్‌లో, బంగ్లాదేశ్‌లో అమల్లో ఉంది. 2020 జులైలో పాకిస్తాన్‌లోని షేఖుపురా దగ్గర కాపలా లేని క్రాసింగ్ మీద సుమారు 20 మంది సిక్కు యాత్రికులు చనిపోయారు. 2022 జులైలో బంగ్లాదేశ్‌లోని మీర్‌సరాయ్ దగ్గర విహారయాత్ర నుంచి తిరిగివస్తున్న మైక్రోబస్సును రైలు ఢీకొని 11 మంది మరణించారు. అక్కడా ముందుగా పోలీసుల చేతికి చిక్కింది గేట్‌మనే. మూడు దేశాలుగా విడిపోయినా, గేటు దగ్గర మరణానికి అందరికంటే చిన్న ఉద్యోగిని జవాబుదారీ చేసే పద్ధతి మాత్రం ఉమ్మడి ఆస్తిగా మిగిలింది.

మరి అరుదుగా బండ్లు తిరిగే వేల చోట్ల కోట్ల రూపాయలతో వంతెనలు కట్టడం సాధ్యమా అని అధికారులు అడుగుతారు. సాధ్యం కాకపోవచ్చు. కాని అటువంటి లైనుకు మెయిన్ లైనుకు లేని ఒక సౌలభ్యం ఉంది. అక్కడ రైలు ఆగవచ్చు. వెనక మరో బండి కాచుకొని ఉండదు, చేరవలసిన నిమిషం ప్రకటించి ఉండదు. గూడ్సు బండి ప్రతి ప్రమాదకరమైన క్రాసింగ్ ముందు ఆగి, సిబ్బందిలో ఒకరు దిగి రోడ్డును ఆపి, బండిని దాటించి మళ్ళీ ఎక్కితే పోయేది కొన్ని నిమిషాలు. ఎత్తు ఎక్కే చోట బరువైన బండిని ఆపడం కష్టమే. అటువంటి గేట్లను విడిగా గుర్తించి వాటికి ముందుగా ఇంటర్‌లాకింగ్ ఇవ్వవచ్చు. దీనితో పాటు, చెడిపోయిన గేటును బాగుచేయడానికి లైను రద్దీతో నిమిత్తం లేని ఒకే గడువు ఉండాలి. ఫిర్యాదు చేసిన తేదీ, బాగుచేసిన తేదీ ఆ గేటు దగ్గరే అందరికీ కనబడేలా బోర్డు మీద రాయాలి. నడిచి దాటే మనిషిని లెక్కలోకి తేవాలి.

బస్సు ఆపి దిగి నడిచి చూడమని మన చట్టం కండక్టరును ఆదేశించింది. అదే ఆదేశం శాఖా లైను మీద రైలుకు ఎందుకు ఇవ్వకూడదు? నేను చూసిన ఆ గేటు దగ్గర ఆ రోజు అందరూ క్షేమంగా ఉన్నది గేటు పనిచేసినందుకు కాదు. గేటు చెడిపోయినందువల్ల రైలు ఆగవలసి వచ్చింది, రోడ్డు మీది మనుషులను చూసుకొని మెల్లగా దాటింది. గేటు బాగైన మరునాటి నుంచి ఆ బండి అక్కడ ఆగదు. ఆ గేటు మళ్ళీ ఎప్పుడు మొరాయిస్తుందో, అప్పుడు ఆ మనిషి గొలుసు కట్టేందుకు సమయం ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు.